1.7 టన్నుల పికప్‌లో 3.2 టన్నుల వడ్లు: కాలువ పక్కన పల్టీ నుంచి క్లెయిమ్ డబ్బుల దాకా నా అనుభవం

మా ఊరు హాలియా దగ్గర. పికప్ కొని మూడేళ్లు దాటింది, నాలుగేళ్లు ఇంకా నిండలేదు (ఈ లెక్క తర్వాత పనికొస్తుంది, గుర్తుపెట్టుకోండి). ఫైనాన్స్‌లో తీసుకున్నా, నెలకు 14,200 కిస్తీ. కాగితాల ప్రకారం నా బండి మోయాల్సింది 1.7 టన్నులు. ఈ మూడేళ్లలో 1.7 దగ్గర ఆగిన ట్రిప్పులు ఏవంటే పెళ్లి సామాన్లు, డీజే డబ్బాలు తప్ప ఇంకేం గుర్తుకు రావట్లేదు. బత్తాయి కాయ రెండున్నర టన్నులు, సిమెంట్ యాభై బస్తాలు అంటే అదీ రెండున్నర. మా దగ్గర పికప్‌కి లోడంటే బాడీ నిండడమే, కాంటా ఎంత చూపిస్తుందనేది ఎవడికీ పట్టదు.

కొన్న ఆరు నెలలకే నల్లగొండలో వెనక రెండు వైపులా ఒక్కో కమాన్ పట్టీ (బండి బరువు మోసే స్ప్రింగు ఇనుప పట్టీ) ఎక్కువ వేయించా, 6,500 అయింది. అందరూ వేయిస్తారు. పట్టీ వేయిస్తే బండి వెనక కూర్చోదు, లోడు తెలియదు అంటారు. నిజంగానే తెలియలేదు. నాకు తెలియలేదు అంతే, బండికి తెలుస్తూనే ఉంది, అది తర్వాత చెప్తా.

2025 నవంబర్ 4, మంగళవారం. తెల్లారితే కార్తీక పౌర్ణమి. అంతకు వారం ముందే మొంథా తుపాను వాన కొట్టి సన్నాలు చాలాచోట్ల పడిపోయాయి, మడుల్లో ఇంకా తడి ఆరలేదు, చైన్ మిషన్ (టైర్ల బదులు చైన్ల మీద నడిచే వరికోత మిషన్) తప్ప వేరేది దిగే పరిస్థితి లేదు. వరసకు మామ అయ్యే ఆయనది ఎకరంనర చేను. మిషన్ దొరికింది గానీ ట్రాక్టర్ దొరకలేదు, ఊర్లో ఉన్నవన్నీ మిర్యాలగూడ మిల్లుల ముందు లైన్లో ఉన్నాయి. పచ్చి వడ్లు కుప్ప పోసి పెడితే ఒక్క రాత్రికే వేడెక్కి రంగు మారతాయి, ఇది వరి పండించేవాళ్లకు చెప్పక్కర్లేదు. మధ్యాహ్నం రెండింటికి ఫోన్ చేశాడు. రెండు ట్రిప్పులు కొడదాం మామా అన్నాను.

"రెండో ట్రిప్పు ఎప్పుడు కొడతవ్ అల్లుడా, మిల్లు కాడ లైన్ చూసినవా? ఒక్కటే సారి ఏస్కపో. నాలుగు వేలిస్త."

మామూలుగా హాలియా వైపు నుంచి మిర్యాలగూడకు 2,400 తీసుకుంటా. అంటే నేను ఒప్పుకున్నది అదనంగా వచ్చే 1,600 కోసం. ఈ అంకె చివరిదాకా నా తలలో తిరుగుతూనే ఉంది.

బాడీ చుట్టూ చెక్కలు నిలబెట్టి తాళ్లతో బిగించాం, లోపల పట్టా పరిచాం. మిషన్ మూడు సార్లు పోసింది. మూడోసారి పోస్తుంటే వెనక టైర్లు కొద్దిగా ఉబ్బినట్టు కనిపించాయి, గాలి ఎక్కువే కొట్టించి ఉన్నా. వడ్ల మీద చెయ్యి పెడితే అప్పటికే గోరువెచ్చగా ఉన్నాయి. మామ కొడుకు, ఇంటర్ చదివే పిల్లవాడు, పైన కూర్చుని వస్తానన్నాడు, ఎక్కి కూర్చున్నాడు కూడా. హాలియాలో కాంటా దగ్గర దించేశాం, అదీ జాగ్రత్త కోసం కాదు, కాంటా మీద వాడి బరువు లెక్కలోకి వస్తుందని మామ దిగమన్నాడు. తర్వాత బండి ఎక్కబోతే రేపు గుడికి పోవాలి, ఇంటికి పో అన్నాడు. ఇప్పటికీ నిద్రలో ఈ సంగతి గుర్తొస్తే లేచి కూర్చుంటా.

మిల్లు కాంటా మీద నమ్మకం లేక మా రైతులు బయట ఒకసారి తూకం వేయించుకుంటారు. వంద రూపాయలు. చిట్టీ మీద లోడుతో 5,120, ఖాళీ బండి 1,840, సరుకు 3,280. ఖాళీ బండి తూకం నా దగ్గర ముందే ఉంది, అదే రాయించాం. మామ ఆ చిట్టీ చూసి సంతోషపడి ఫొటో తీసి కొడుకుకు పంపించాడు. ఆ ఫొటో గురించీ తర్వాత చెప్తా.

దారిలో బండి ఎలా ఉందో చెప్తా, ఓవర్‌లోడ్ కొట్టేవాళ్లకు ఇది తెలిసిందే కానీ ఎవరూ పైకి అనరు. స్టీరింగ్ తేలికైపోతుంది, ముందు చక్రాలు రోడ్డుకు ఆని ఉన్నాయో లేదో అన్నట్టు. బ్రేక్ తొక్కితే బండి కాసేపు ఆలోచించుకుని అప్పుడు ఆగుతుంది. చీకటి పడుతుంటే లైట్లు వేశా, వెలుగు రోడ్డు మీద పడకుండా ఎదురుగా ఉన్న తుమ్మచెట్ల కొమ్మల మీద పడింది. ఎదురొచ్చేవాళ్లు డిప్పర్ కొడుతూనే ఉన్నారు, నేను డిప్‌లోనే ఉన్నా.

నిడమనూరు దాటాక ఒక చిన్న కాలువ వంతెన ఉంది. రోడ్డు వంతెనను కలిసేచోట జానెడు కుంగి ఉంటుంది, రోజూ పోయే దారే, నాకు తెలుసు, స్పీడు ముప్పై కూడా లేదు. ముందు చక్రాలు ఎక్కాయి, వెనకవి ఎక్కేటప్పుడు ఎడమవైపు కింద నుంచి టప్‌మని ఒక చప్పుడు. ఎండిన కందికట్టెల మోపు మోకాలి మీద పెట్టి ఒక్కసారే విరిచినట్టు. బండి ఎడమకు ఒరిగింది. అంతటితో ఆగేదేమో, బస్తాలైతే ఆగేదేమో, కానీ పోసిన వడ్లు నీళ్లలాంటివి, బండి ఎటు ఒరిగితే అటు పారతాయి. ఎడమ చెక్కలు పగిలాయి. వెనక చక్రం రోడ్డు దిగింది, వానకు నానిన మట్టి, ఇక నా చేతుల్లో ఏమీ లేదు. అది పల్టీ కొట్టడం అని కూడా అనలేను, గేదె పడుకున్నట్టు మెల్లగా పక్కకు పడుకుంది. బెల్టు ఇద్దరం పెట్టుకోలేదు. నేను పోయి మామ మీద పడ్డా. కింద నుంచి మామ అన్న మొదటి మాట "వడ్లు పాయె", రెండో మాట "నువ్వు లెవ్ రా ముందు".

టైమ్ 5:50. ఎవరికీ పెద్ద దెబ్బల్లేవు. మామ భుజం వాచింది, ఎక్స్‌రే తీయించాం, విరగలేదు. డాక్టరు, ఎక్స్‌రే, మందులు కలిపి 1,450.

తర్వాతి నాలుగైదు గంటలు ఎలా గడిచాయంటే, సగం రోడ్డు జామ్, 112కి ఫోన్ చేస్తే పోలీసులు ముప్పావు గంటలో వచ్చారు, ఫొటోలు తీసుకున్నారు, ఎవరికీ ఏం కాలేదు కాబట్టి కేసు లేకుండా స్టేషన్‌లో జీడీ ఎంట్రీ (స్టేషన్ జనరల్ డైరీలో నమోదు) రాశారు. ఆ కాగితం కాపీ తెచ్చుకోండి, తర్వాత అడుగుతారు. బండి లేపాలంటే హైడ్రా (క్రేన్ బండి) కావాలి, హైడ్రా అతను వచ్చి చూసి లోడు ఖాళీ చేస్తే గాని తాడు కట్టనన్నాడు. పక్క చేలల్లో పనిచేసేవాళ్లు ఐదుగురు గంపలతో ఎత్తి పోశారు, మిల్లు నుంచి ఖాళీగా వెనక్కి వస్తున్న రెండు ట్రాక్టర్లను ఆపి వాటిలోకి మార్చాం. రాత్రి పదకొండు అయింది. హైడ్రాకు 6,500, కూలీలకు 3,000, ట్రాక్టర్లకు 2,400. నాలుగైదు క్వింటాళ్లు మట్టిలో, నీళ్లలో కలిసిపోయాయి. మిగిలిన వాటిలో మట్టి ఉందని మిల్లు దగ్గర రేటు తగ్గించారు. మామ నన్ను ఒక్క మాట అనలేదు, అదే నాకు ఇంకా కష్టమనిపించింది. తర్వాత వారం ఇంటికి పోయి పది వేలు ఇచ్చి వచ్చా. వద్దు వద్దంటూనే తీసుకున్నాడు.

ఇక్కడ నేను చేసిన తప్పు ఏంటంటే, ఇన్సూరెన్స్ వాళ్లకు ఫోన్ చేయడం ఆ హడావిడిలో తట్టనే లేదు. మరుసటి రోజు పొద్దున 10:20కి చేశా, అప్పటికి బండిని లాక్కెళ్లి మిర్యాలగూడ షెడ్డులో పెట్టేశాం (దానికి ఇంకో 3,500). ఫోన్ ఎత్తిన అమ్మాయి మొదట అడిగిందే "స్పాట్ ఫొటోలు ఉన్నాయా అండీ" అని. నేను ఒక్కటీ తీయలేదు. అక్కడ గుమిగూడిన కుర్రాళ్లు మాత్రం స్టేటస్ పెట్టుకోవడానికి బోలెడు తీశారు. రాత్రి వాళ్లను తిట్టుకున్నా, పొద్దున ఊరూరా ఫోన్ చేసి అవే ఫొటోలు బతిమాలి తెప్పించుకున్నా.

క్లెయిమ్ నంబర్ పది నిమిషాల్లో మెసేజ్ వచ్చింది. ఆర్సీ, ఫిట్‌నెస్, పర్మిట్, ట్యాక్స్, పొల్యూషన్, పాలసీ, లైసెన్స్ అన్నీ అడిగారు. నాది ఎల్ఎంవీ (లైట్ మోటార్ వెహికల్) లైసెన్స్. షెడ్డులో ఉన్న పెద్దమనిషి ఒకాయన ట్రాన్స్‌పోర్ట్ ఎండార్స్‌మెంట్ (కిరాయి బండి నడపొచ్చని లైసెన్స్ మీద విడిగా రాయించుకునేది) లేకపోతే క్లెయిమ్ రాదు పో అని భయపెట్టాడు, ఒక రాత్రంతా టెన్షన్. తీరా చూస్తే 2024 నవంబర్‌లోనే సుప్రీంకోర్టు ఐదుగురు జడ్జిల బెంచ్ తేల్చేసింది, 7,500 కిలోల లోపు ట్రాన్స్‌పోర్ట్ బండిని ఎల్ఎంవీ లైసెన్స్‌తో నడపొచ్చని. డ్యామేజీ చూడటానికి ఇన్సూరెన్స్ తరఫున వచ్చిన సర్వేయర్ దాని గురించి అసలు అడగనే లేదు.

సర్వేయర్ 7వ తేదీన వచ్చాడు, ఫోన్ చేసిన మూడో రోజు. వయసు యాభై దాటిన మనిషి, గట్టిగా మాట్లాడడు. చాసిస్ నంబర్ మీద కాగితం పెట్టి పెన్సిల్‌తో రుద్ది అచ్చు తీసుకున్నాడు. తర్వాత బండి కిందకి టార్చి వేసి చాలాసేపు చూశాడు, వేలితో పట్టీలు లెక్కపెడుతున్నాడని కాసేపటికి గాని నాకు అర్థం కాలేదు. "ఈ ఒక్కటి ఎప్పుడు వేయించారు" అన్నాడు. చెప్పాను. "ఇది ఆర్సీలో లేదు కదా" అన్నాడు, రాసుకున్నాడు.

తర్వాత అడిగాడు, "లోడ్ చిట్టీ ఇస్తారా?"

ఈ ప్రశ్న వస్తుందని ముందే చెప్పినవాళ్లు ఉన్నారు. మా బామ్మర్ది అయితే తెలిసిన కాంటాలో 1,650 అని వేరే చిట్టీ తీయిస్తా, పాత తేదీ వేయిస్తా అన్నాడు. నిజం చెప్పాలంటే ఒక పూట ఊగాను. కానీ మామ పంపిన అసలు చిట్టీ ఫొటో వాళ్ల కొడుకు దగ్గర ఉంది, వాడు దాన్ని ఊరి గ్రూపులో పెట్టాడు, రెండు ట్రాక్టర్ల నిండా వడ్లు ఎత్తడం రోడ్డు మీద వంద మంది చూశారు. నా నిజాయితీ అనుకోకండి, దొరికిపోతాననే భయం. చిట్టీ ఇచ్చేశా. ఆయన చూసి, ముఖంలో ఏం మారకుండా, ఒక తెల్ల కాగితం ఇచ్చి జరిగింది మీ చేత్తో రాసి సంతకం పెట్టండి అన్నాడు. పదో తరగతి తర్వాత అంత పెద్దగా తెలుగు రాయడం అదే. 3,280 అని రాసేటప్పుడు చెయ్యి ఆగింది.

రాసి ఇచ్చాక మాత్రం ఆయన మాట కొంచెం మెత్తబడింది. ఓవర్‌లోడ్ అంటే క్లెయిమ్ మొత్తం కొట్టేయరని, నాన్ స్టాండర్డ్ కింద పెడతారని, లెక్కకు వచ్చిన దాంట్లో 75 శాతానికి మించి ఇవ్వరని ఆయనే చెప్పాడు. ఆ మాట అప్పటిదాకా నేను వినలేదు. తర్వాత తెలిసిన వకీలును అడిగితే దీని మీద సుప్రీంకోర్టు 2010లో ఇచ్చిన తీర్పు కూడా ఉందన్నాడు. అయితే 75 శాతం అనగానే నేను ఆనందపడ్డా, బిల్లు లక్షయితే 75 వేలు అనుకున్నా. అది దేంట్లో 75 అనేది నాకు అర్థమవడానికి ఇంకా నలభై రోజులు పట్టింది.

షెడ్డులో మేస్త్రీ పట్టీల కట్ట విప్పిన రోజు నేను అక్కడే ఉన్నా. విరిగిన మెయిన్ పట్టీ ముక్క చేతిలో పెట్టి చూడమన్నాడు. సెంటర్ బోల్ట్ పక్కన విరిగింది. విరిగిన అంచు సగం తెల్లగా, కొత్త ఇనుములాగా మెరుస్తోంది. మిగతా సగం తుప్పు పట్టి గోధుమ రంగులో ఉంది, వేలు పెడితే పొడి అంటింది. "ఈ ఎర్రగున్న సగం ఎప్పుడో ఇరిగింది అన్నా. నువ్వు నడిపిందంతా మిగిలిన సగం మీదనే" అన్నాడు. అంటే ఆ వంతెన దగ్గర విరగడం అయిపోయింది గానీ మొదలైంది అక్కడ కాదు. ఏ సిమెంట్ ట్రిప్పులోనో, ఏ బత్తాయి ట్రిప్పులోనో మొదలైంది. నేను వేయించిన ఎక్స్‌ట్రా పట్టీ బండిని కిందికి కూర్చోనివ్వలేదు కాబట్టి ఆ పగులు సంగతి నాకు తెలియలేదు. అదీ కాక, పట్టీ ఒక్కటి పెంచాను గానీ యాక్సిల్ అదే, బ్రేక్ డ్రమ్ములు అవే, టైర్లు అవే, వాటి సంగతి ఎప్పుడూ ఆలోచించలేదు. డ్రమ్ము విప్పితే లోపల వేడికి నీలం మచ్చలు పడి ఉన్నాయి. ఆ ముక్క ఇంటికి తెచ్చుకున్నా, గూట్లో ఉంది.

పని ఎనిమిది రోజుల్లో అవుతుందన్నారు. ఎడమ డోరు హైదరాబాద్ నుంచి రావడానికే తొమ్మిది రోజులు పట్టింది. 29న సర్వేయర్ మళ్లీ వచ్చి పాత పార్టులు, కొత్త పార్టులు పక్కపక్కన పెట్టించి ఫొటోలు తీసుకున్నాడు. పాతవి పడేయకండి, మా షెడ్డు కుర్రాడు అద్దం ఫ్రేము పాత ఇనుము వాడికి అమ్మేస్తే పరిగెత్తి తెచ్చుకున్నాం. 30న బండి బయటికి వచ్చింది. 26 రోజులు కిరాయి లేదు, కిస్తీ మాత్రం ఆగదు. వడ్ల సీజన్ మొత్తం షెడ్డు బయట టీ తాగుతూ పోయింది.

బిల్లు 1,01,550. క్లెయిమ్ లెక్క కాగితం డిసెంబర్ 16న వచ్చింది. అది చదువుతుంటే ఉల్లిపాయ పొరలు తీసినట్టే ఉంది. వెనక పట్టీల సెట్టు, యూ బోల్టులు కలిపి 21,700, ఇది ఓవర్‌లోడ్ వల్ల విరిగింది కాబట్టి పూర్తిగా సున్నా. పాలసీలోనే ఉందట, ఓవర్‌లోడ్ వల్ల, బండి మీద పడే ఒత్తిడి వల్ల వచ్చే డ్యామేజీ ఇవ్వరని. యాక్సిల్ బేరింగు, డ్రమ్ము, లైనింగు 9,800, అరుగుదల, సున్నా. బంపర్, హెడ్‌లైట్, మడ్‌గార్డు, పెయింట్ 16,500, ఇదీ సున్నా, ఎందుకంటే నేను పాలసీ తీసుకునేటప్పుడు ఐఎంటీ 23 అనేది తీసుకోలేదు. కమర్షియల్ బండికి అది విడిగా డబ్బు కట్టి తీసుకుంటేనే ఇవన్నీ కవర్ అవుతాయట. ఏజెంటు తక్కువ ప్రీమియం చేసిస్తా అన్నప్పుడు ఏం తీసేశాడో నేను అడగలేదు, ఆయన చెప్పలేదు. టైరు 7,200 కూడా అందులోనే పోయింది.

మిగిలింది 46,350. అందులో ఇనుప పార్టుల ఖరీదు 20,000, వాటికి డిప్రిసియేషన్, అంటే బండి పాతబడినందుకు కోత. మూడేళ్లు దాటి నాలుగేళ్ల లోపు బండికి 25 శాతం, అంటే 5,000 పోయింది. ఇంకో ఏడాది పాతదైతే 35 శాతం పోయేది. తర్వాత ఎక్సెస్ (క్లెయిమ్‌లో మనమే భరించాల్సిన వాటా) కింద 500. మిగిలిన 40,850లో అప్పుడు 75 శాతం. 30,637 రూపాయలు. డిసెంబర్ 29న అకౌంట్లో పడ్డాయి, యాక్సిడెంట్ అయిన 55వ రోజు.

నా చేతి నుంచి పోయినవి షెడ్డు, హైడ్రా, కూలీలు, ట్రాక్టర్లు, లాక్కెళ్లడం, మామకిచ్చింది, ఆసుపత్రి అన్నీ కలిపితే 1,28,400. వచ్చింది తీసేస్తే 97,763. 1,600 కోసం. నా భార్య ఈ భాగహారం క్యాలిక్యులేటర్‌లో చేసి చూపించింది, అరవై ఒక్క ట్రిప్పుల ఓవర్‌లోడ్ డబ్బు. ఈ కోపంలో కూడా ఒక్కటి ఒప్పుకోవాలి, చలానా పడలేదు. మోటారు వాహనాల చట్టం 194 సెక్షన్‌లో 2019 సవరణ తర్వాత ఉన్నది చూస్తే, ఓవర్‌లోడ్‌కు 20 వేలు, ఎక్కువైన ప్రతి టన్నుకు ఇంకో 2 వేలు, అదనపు సరుకు దించే ఖర్చు కూడా మనదే. కాంటాకు రానని బండి ఆపకుండా పోతే 40 వేలు.

ఇంకో విషయం సర్వేయర్ మాటల్లో మాటగా చెప్పాడు. కేబిన్‌లో కూర్చున్న మామ సరుకు ఓనరు కాబట్టి ఆయనకు ఏమైనా అయితే ఇన్సూరెన్స్‌లో దారి ఉంటుందట. వడ్ల మీద కూర్చున్నవాళ్లతో మాత్రం పెద్ద పేచీ. నేను హాలియా కాంటా దగ్గర దిగిపోయిన పిల్లవాడి గురించి ఆయనకు చెప్పలేదు.

ఇప్పుడు బండికి కంపెనీ పట్టీలే ఉన్నాయి. ఎక్స్‌ట్రాది తీయించేశా. ఖాళీ బండి మెత్తగా పోతోంది, మా అవ్వ ఎక్కి నడుం పట్టేయలేదు అంది, అదొక్కటే లాభం. రెండు టన్నులు వేస్తే వెనక దిగిపోతుంది, అప్పుడే తెలిసిపోతుంది. ఈ నెల రెన్యువల్‌లో ఐఎంటీ 23 ఉందా అని మూడుసార్లు అడిగి, పాలసీ కాగితంలో అక్షరాలు కళ్లతో చూశాకే డబ్బు కట్టా. కిరాయిలు తగ్గాయి. సిమెంట్ షాపు ఆయన యాభై బస్తాలు అంటే ముప్పై నాలుగు అన్నా, వేరే బండి పిలిచాడు, ఆ బండి నా ముందు నుంచే లైట్లు ఆకాశానికి పెట్టుకుని పోయింది.

సంక్రాంతి ముందు మామ ఫోన్ చేశాడు. చేనుకు పశువుల పెంట తోలాలట, బండి నిండా ఎంత తీసుకుంటవ్ అన్నాడు. నిండా తోలను మామా, తడి పెంట బరువు నీకు తెల్వదా, సగానికే తోలతా, ట్రిప్పుకు ఇంత అన్నా. "సగం బండికి నిండు కిరాయి ఎట్లిస్తరు అల్లుడా" అన్నాడు.

బేరం ఇంకా తెగలేదు.